గట్టిగా మళ్ళీ చెప్పు

ముందు డాక్టరమ్మ గొంతు సంగతి చెప్పుకోవాలి. ఈ కథలో కారిన నెత్తురులో సగం ఆ గొంతు పుణ్యమే. పెళ్ళయిన కొత్తలోనే ఆమె అత్తగారికి చెవుడు వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా వంటింట్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి మెట్ల మీదకి కేకలేసి కేకలేసి, ఆమె మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తోటి డాక్టర్లు ఆమెను మైకు డాక్టరని పిలిచేవాళ్ళు. ఆమె దాన్నో బిరుదులా మోసింది. రోగికి వినపడని వైద్యం ఏం వైద్యమని ఎదురడిగేది.

ఇప్పుడు ఆసుపత్రి లేదు, బట్టలు ఇస్త్రీ చేసే చిన్నగది ఉంది. ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్, వెనక గోడకు కొట్టిన తెల్లదుప్పటి, ఒంటి మీద నడుం దాకా తెల్లకోటు, దాని కింద ఇంట్లో వేసుకునే వెలిసిపోయిన బట్టలు. ఒక కంపెనీ తరఫున తెర మీద రోగుల్ని చూడటం ఆమె ఉద్యోగం. అందులోనూ ఆమెకు అప్పగించింది అంటువ్యాధుల మీద సందేహాలు అడిగేవాళ్ళని. మనిషికి ఎనిమిది నిమిషాలు. తెర మూల ఎర్రంకెలు తగ్గుతూ వస్తాయి. సున్నా పడగానే మాట సగంలో ఉన్నా సరే తెర ఆరిపోతుంది, రోగి ఫోనులో 'మీ సందేహం తీరిందా?' అన్న ప్రశ్న వెలుగుతుంది. మొగుడి తువ్వాలు ఉతకాలా, కాల్చేయాలా? దగ్గేవాడు కూర్చున్న కుర్చీలో ఎన్నాళ్ళకు కూర్చోవచ్చు? వదినకు దద్దుర్లొచ్చాయి కనక నేను వంట మానేయవచ్చా? చివరిదానికి డాక్టరమ్మ, వంట మానడానికి వేరే సాకు వెతుక్కోమని చెప్పి కాల్ కట్ చేసింది.

ఆమెకొక నియమం ఉండేది. ఆసుపత్రి రోజుల్లో ఒక ముసలాయన ఒంటికి రాసుకోమన్న మందు తాగి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ ఆమె ఎవర్నీ ఊరికే వదల్లేదు. చెప్పిందంతా చెప్పాక, "నేనేం చెప్పానో మళ్ళీ చెప్పు" అనేది. రోగి గొణిగితే, "వినపడలేదు, గట్టిగా" అనేది. మూడుసార్లు తప్పు లేకుండా అప్పజెప్పించుకుని గాని వదిలేది కాదు. తన దగ్గరికొచ్చిన రోగి ఏదీ మర్చిపోడని ఆమెకు గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. ఏ రోగి ఎక్కడుండి అప్పజెబుతున్నాడో, ఆ గోడ అవతల ఎవరున్నారో ఒక్కసారి అడిగుంటే ఇంకా బాగుండేది.

ఆ పొద్దున తొమ్మిదింపావుకు తెర మీదకొచ్చినవాడు మాంసం కోసే ఫ్యాక్టరీలో ఎముకలు వేరుచేసే పనివాడు. మనిషి పుల్లలా ఉన్నాడు. ఫారంలో పేరు రాయాల్సిన చోట కూడా బక్కోడు అనే రాసుకున్నాడు. అందరూ అలాగే పిలుస్తారట, అసలు పేరు రాస్తే ఎవరికి ఫోనొచ్చిందో తనకే తెలియదట. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. వాడు తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. చుట్టూ తుడుపు కర్రలు, పక్కన కుళాయి, నేల కడిగే కాస్టిక్ సోడా డబ్బా. కార్మికుల వసతిగృహంలో సామాన్లు కడిగే గది అది. ఫోనును కుళాయి గొట్టానికి ఆనించి, చొక్కా ఎత్తి ఛాతీ చూపించాడు. నీళ్ళు నిండిన పొక్కులు, కొన్ని పగిలి తడిగా ఉన్నాయి.

వాడడిగింది ఒకే ఒక్క ప్రశ్న, అదీ గుసగుసగా. ఇది అంటుకునేదేనా అని.

చికెన్‌పాక్స్ అని డాక్టరమ్మ చూడగానే పోల్చింది. పెద్దవాళ్ళకు వస్తే కాస్త బాధపెడుతుంది గాని, జాగ్రత్తగా ఉంటే తగ్గిపోతుందని ధైర్యం చెప్పింది. పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా వేరే గదిలో ఉండాలని, ఎవరినీ తాకకూడదని, ఎవరి తువ్వాలూ వాడకూడదని చెప్పింది. గదిలో ఎంతమంది ఉంటారని అడిగింది. పద్నాలుగు మంది, వాళ్ళ పెద్ద మా బావే, కోతపనికి మేస్త్రి, నన్నీ పనిలో పెట్టించింది ఆయనే అన్నాడు వాడు. మా అక్క మొగుడు అని చెప్పేటప్పుడు వాడి మొహంలో కాస్త ధీమా కనిపించింది. ఆ పద్నాలుగు మందిలో చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చిపోయినవాళ్ళు ఎందరని ఏ డాక్టరైనా ముందు అడగాలి. ఆమె అడగలేదు. ఎర్రంకెల్లో నాలుగు నిమిషాలే ఉన్నాయి, అప్పజెప్పించుకోవడం ఇంకా మిగిలుంది.

"సరే బాబూ. నేనేం చెప్పానో మళ్ళీ చెప్పు."

వాడు తలుపు వైపు చూసి, పెదాలు కదిపాడు.

"వినపడలేదు. గట్టిగా."

"అమ్మా, ఇక్కడ…"

"గట్టిగా చెప్తేనే గుర్తుంటుంది. చెప్పు."

చదువుకునే రోజుల్లో మేష్టారికి భయపడ్డట్టే భయపడి వాడు గొంతెత్తాడు. నాకొచ్చింది అంటువ్యాధి, నేనెవర్నీ ముట్టుకోకూడదు, నా దగ్గరికి ఎవరూ రాకూడదు. ఒకసారి. రెండోసారి ఇంకాస్త గట్టిగా. మూడోసారికి డాక్టరమ్మ, శభాష్, అంటువ్యాధి అన్న మాట మాత్రం మర్చిపోకు అంది. ఆ మాట ఆమె గొంతులోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, ఇవతల హాల్లో చెవిటి అత్తగారు ఎవరికే అంటువ్యాధి అని అడిగింది. అవతల తలుపు దభీమని తెరుచుకుంది.

ఆ వసతిగృహంలో అంటువ్యాధి అన్న మాటకు ఉన్న అర్థం డాక్టరమ్మకు తెలియదు. కిందటేడు అక్కడ ఒకడికి జ్వరం వస్తే ఫ్యాక్టరీవాళ్ళు బయటి గేటుకు ఇరవై ఒక్క రోజులు తాళం వేశారు. తిండి కిటికీలోంచి విసిరారు. జ్వరం తగిలిన ముగ్గురిలో ఇద్దరు పై మంచాల మీదే పోయారు, నాలుగు రోజులదాకా వాళ్ళను దింపడానికి ఎవరూ రాలేదు. ఆ నాలుగు రోజులు కింది మంచాల మీద పడుకున్నవాళ్ళే ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చారు.

ముందొచ్చింది మేస్త్రి. తలుపంత వెడల్పు మనిషి. వెనకున్నవాళ్ళు ఒకటే మాట అంటున్నారు. తెచ్చింది నువ్వే, బయట పారేయాల్సింది నువ్వే, ఆఫీసుకు తెలిసేలోపు పారేయ్. మేస్త్రి ఒక్క క్షణం బావమరిది మొహం చూశాడు. బక్కోడు "బావా" అని లేవబోయాడు. మేస్త్రి వాడి నోటి మీద గుద్దాడు.

దవడ విరిగిన చప్పుడు లాప్‌టాప్‌లోంచి ఇస్త్రీ గదిలోకి స్పష్టంగా వినిపించింది. బకెట్ దొర్లింది. ఫోను గొట్టం మీంచి జారి, గోడకూ గొట్టానికీ మధ్య ఇరుక్కుంది. ఆ తర్వాత డాక్టరమ్మకు కనిపించింది నేల, బూట్లు, వాటి మధ్య ముడుచుకున్న ఒక వీపు. ఇనుప ముక్కు బూట్లు అవి, ఫ్యాక్టరీలో ఎముకలు కాలి మీద పడకుండా వేసుకునేవి. ఒక బూటు పక్కటెముకల మీద పడింది, ఇంకొకటి వెన్ను మీద. ఒక చెయ్యి బెల్టు విప్పింది. ఎవరినీ ముట్టుకోకూడదని చెప్పిన మనిషిని అందరూ బూట్లతోనే ముట్టుకున్నారు. చేతులు పెట్టింది మేస్త్రి ఒక్కడే. అందరికన్నా గట్టిగా కొట్టకపోతే రేపు తన వీపూ నేల మీదే ఉంటుందని అతనికి తెలుసు. జుట్టు పట్టి తల ఎత్తి, ఒకటి, రెండు, మూడు, అలా కొడుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ అరిచింది. ఆపండన్నది, పోలీసులన్నది, నేను డాక్టర్ని అన్నది. బతిమాలింది. ఎవరూ విన్నట్టు లేరు. ఎర్రంకెల్లో ఒక నిమిషం పది సెకన్లు ఉంది. బక్కోడి కాళ్ళు కొట్టుకోవడం మానేశాయి. అప్పుడామెకు ఒళ్ళు మండిపోయింది, భయం పోయింది, నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. ఇరవై రెండేళ్ళు చెవిటి మనిషితో సానపట్టిన గొంతు మొత్తం ఆ అబద్ధానికి ఖర్చు పెట్టింది.

"ఈ జబ్బు నెత్తురుతో అంటుకుంటుంది. వాడి నెత్తురు చేతికంటినవాడికి గంటలో ఎక్కుతుంది. వాడికంటే ఆ చేతులే ప్రమాదం."

బూట్లు ఆగిపోయాయి. డాక్టరమ్మకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. బతికించాను అనుకుంది. ఆ అనుకోవడం మహా అయితే పది సెకన్లు.

"మేస్త్రి చేతులు చూడండ్రా" అన్నారెవరో, చాలా మెల్లగా.

బూట్లన్నీ వెనక్కి జరిగాయి. రెండు మాత్రం కదల్లేదు. వంగిన మనిషివి రెండు చేతులు ఆ బూట్ల పక్కన వేలాడుతున్నాయి, మణికట్టు దాకా ఎర్రగా. తుడుపు కర్రలు తీసుకుని ఆ బూట్ల యజమానిని గోడకు అదిమారు. ఆ చేతుల్ని ముట్టుకోకుండా పట్టడానికి, మాంసం లాగే కొక్కేలు రెండు ఎవరి జేబుల్లోంచో వచ్చాయి. కాస్టిక్ సోడా డబ్బా మూత తిరుగుతున్న చప్పుడు. కడగండి, కడగండి దాంతో, అని గొంతులు. మేస్త్రి ముందు తిట్టాడు, తర్వాత పేర్లు పెట్టి పిలిచాడు, ఆ తర్వాత వచ్చిన కేకలో మాటలేమీ లేవు. సున్నా పడింది. తెర ఆరిపోయింది.

డాక్టరమ్మ కూర్చోలేదు. తన కంపెనీ సూపర్‌వైజరుకు చెప్పింది. అతను ముందు ఆమె ఆడిన అబద్ధం సంగతి అడిగాడు, కాల్స్ అన్నీ రికార్డవుతాయని గుర్తుచేశాడు, ఇకమీదట ఆ విషయం ఎవరితోనూ ఎత్తొద్దన్నాడు. అంబులెన్సుకు చేసింది. వాళ్ళు వెళ్ళారు, పాపం, గేటు దాకా. ఫ్యాక్టరీ ఆఫీసువాళ్ళు లోపల అంటువ్యాధి ఉందని వాళ్ళను అక్కణ్ణించే పంపేసి, గేటుకు తాళం వేశారు. ఆ గదిలోవాళ్ళు దేనికి భయపడి ఒక మనిషిని చావగొట్టారో అదే జరిగింది, అదీ ఆమె ఫోను చేయబట్టే. పోలీసులు రాసుకున్నామన్నారు.

మధ్యాహ్నం అత్తగారు కంచం ముందు కూర్చుని, ఏమిటే ఆ అరుపులు అని అడిగింది. డాక్టరమ్మ జరిగింది చెప్పింది.

"మీ ఆయనకు ఆ పొక్కులొచ్చినప్పుడు గోకి గోకి ఒళ్ళంతా నెత్తురు చేసుకున్నాడు. నేనీ చేతులతోనే తుడిచా. నాకేం కాలేదే."

"మీకు చిన్నప్పుడు వచ్చిపోయి ఉంటుంది అత్తయ్యా. వచ్చిపోయినవాళ్ళకి మళ్ళీ రాదు, సాధారణంగా."

"మరి వాళ్ళలో ఎవరికీ వచ్చిపోలేదా?"

డాక్టరమ్మ ముద్ద కంచంలో వదిలేసి లేచింది.

మర్నాడు పదకొండు నలభైకి ఉన్న అపాయింట్‌మెంటులో బక్కోడని ఉంది. పొద్దున ఆ పేరు చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. వాడు బతికే ఉన్నాడు, ఫోను పట్టుకోగలుగుతున్నాడు అనుకుంది. పదకొండు నలభై దాకా వచ్చినవాళ్ళకేం చెప్పిందో ఆమెకే తెలియదు. ఎవరిచేతా అప్పజెప్పించలేదు.

తెర వెలిగింది. నేల మీద ఆనించిన మొహం. బక్కోడిది కాదు. వెడల్పాటి మొహం, ఉబ్బిన కన్ను, చెంపల మీద పాత గుంట మచ్చలు. నేను మేస్త్రినమ్మా అన్నాడు. నిన్న వాళ్ళు తననూ బావమరిదినీ ఆ గదిలోనే పడేసి బయట గడియ పెట్టారని, ఫోను గొట్టం వెనక కనపడిందని, మోచేత్తో బయటికి లాగి ముక్కుతో నొక్కి అపాయింట్‌మెంటు తీసుకున్నానని చెప్పాడు. సాయానికి దొరికింది ఈ అపాయింట్‌మెంటు ఒక్కటేనట. అంబులెన్సుకూ చేస్తే, గేటు తాళం తమ చేతుల్లో లేదన్నారట. ఇంటికి ఫోను చేయలేదా అని అడిగితే, మా ఆవిడకు ఏమని చెప్పను, నీ తమ్ముణ్ణి నేనే కొట్టానని చెప్పనా అన్నాడు.

చేతులు చూపించమంది. అతను ఎత్తాడు. ఆమె పాతికేళ్ళ వైద్యంలో చాలా చూసింది. ఇది చూసి మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ బలవంతాన చూసింది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎడమ అరచేతిలో తోలు లేదు, కొక్కెం దిగిన చోట ఎముక తెల్లగా కనిపిస్తోంది. నీళ్ళ కింద పెట్టావా అని అడిగింది. మోచేత్తో కుళాయి తిప్పానన్నాడు. ఆ నీళ్ళే నోటితో పట్టుకుని బావమరిది నోట్లో పోస్తున్నానన్నాడు. వాడు దవడ కదపలేకపోతున్నాడు, సగం చెంపలోంచే కారిపోతోంది, పొద్దుటినుంచీ అదీ మింగట్లేదు అన్నాడు.

"నా చేతుల సంగతి వదిలెయ్యండమ్మా. తలుపు తీయించండి. వీడు పోయేటట్టున్నాడు. నేను అరిస్తే వాళ్ళు వినరు. మీరు చెప్తే వింటారు. నిన్న విన్నారుగా."

ఆమె ఇస్త్రీ గది తలుపు తెరిచి, అంబులెన్సుకూ పోలీసులకూ మళ్ళీ ఫోను చేయమని అత్తగారికి అరిచి చెప్పింది. ఆవిడకు మొదటిసారే వినపడింది. తిరిగొచ్చేసరికి తెర పైన చిన్న గుర్తు వెలుగుతోంది, సూపర్‌వైజరు ఈ కాల్ వింటున్నాడని. నిన్న నేను అబద్ధమాడాను అని ఇప్పుడు నోరు తెరిచి చెబితే, ఉద్యోగంతో పాటు డాక్టరుగిరీ కూడా పోతుంది. ఆమె ఆ గుర్తు వైపు చూస్తూ ఎంతసేపుందో ఎర్రంకెలే చెప్పాలి. ఐదు నిమిషాల నుంచి నాలుగున్నరకు వచ్చాయి. అర నిమిషం. అందుకు ఆమె తర్వాత ఎప్పుడూ తనను క్షమించుకోలేదు.

"ఫోను తలుపు దగ్గర పెట్టు" అంది. "నేను డాక్టర్ని. నిన్న నేను చెప్పింది అబద్ధం. నెత్తురు అంటితే ఈ జబ్బు గంటలో రావడం ఉండదు. కొడుతున్నారని ఆపడానికి అలా అన్నాను. మేస్త్రి చేతుల్లో ఏ జబ్బూ లేదు. తలుపు తీయండి."

అవతల అడుగులు వచ్చి ఆగాయి.

"మళ్ళీ చెప్పండి" అన్నాడు మేస్త్రి. "గట్టిగా."

ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. మూడోసారి గొంతు చీలిపోయింది. తలుపు అవతలివాళ్ళు తమలో తాము ఏదో అనుకున్నారు. చివరికి ఒకడు తలుపుకు నోరానించి అడిగాడు.

"నిన్న అబద్ధమాడినావిడ ఇవాళ నిజం చెప్తోందని ఎట్లా నమ్మాలి?"

రెండు నిమిషాల నలభై సెకన్లు. ఇక చెప్పడం మానేసి, మొదటిరోజు అడగాల్సింది అప్పుడు అడిగింది. మిగిలిన గొంతంతా పెట్టి, నన్ను నమ్మొద్దు, మీ అమ్మల్ని గుర్తుతెచ్చుకోండి అంది. చిన్నప్పుడు ఒళ్ళంతా నీటిపొక్కులు వచ్చినవాళ్ళు మీలో ఎవరున్నారు? అప్పుడు మిమ్మల్ని ఎత్తుకున్నది ఎవరు? ఆమెకేమైనా అయిందా? వచ్చిపోయినవాళ్ళకి మళ్ళీ రావడం బహు అరుదు. వాళ్ళు లోపలికి రావచ్చు. మేస్త్రికీ వచ్చిపోయింది, అతని చెంపల మీద మచ్చలు అవే.

మేస్త్రి చెంప భుజానికి రుద్దుకున్నాడు. నలభై ఏళ్ళుగా అవి మొటిమల మచ్చలనుకుంటున్నాడట. ఈ జబ్బుకి ఆ గదిలో భయపడక్కర్లేని మనిషి ఎవడైనా ఉంటే, అందరికన్నా ముందు బావమరిది మీద చెయ్యి చేసుకున్నవాడే.

అవతల గుసగుసలు. ఒక ముసలి గొంతు, నాకొచ్చింది, మా అమ్మ నన్ను పదిరోజులు ఒళ్ళోనే పెట్టుకుంది, ఆవిడ మొన్నమొన్నటిదాకా బతికింది అంది. ఎవరో వద్దన్నారు. పెనుగులాట, తలుపుకు ఎవరి తలో కొట్టుకున్న చప్పుడు, ఒక బూతు. గడియ జారింది. ఫోను తలుపు తగిలి వెల్లకిలా పడింది. ముప్పై ఎనిమిది సెకన్లు.

ఇద్దరు లోపలికొచ్చారు. గోడవార ముడుచుకున్న బక్కోణ్ణి ఎత్తడానికి వంగారు. వాడి మొహం వాచిపోయి మనిషి మొహంలా లేదు. చెయ్యి పడుతుందనగా వాడి ఒళ్ళు జలదరించింది, ఒక కన్ను తెరుచుకుంది. విరిగిన దవడలోంచి, నెత్తుటి బుడగల్లోంచి, తనకున్న బలమంతా పెట్టి వాడు గొంతెత్తాడు. నాకొచ్చింది అంటువ్యాధి. నేనెవర్నీ ముట్టుకోకూడదు. నా దగ్గరికి ఎవరూ రాకూడదు. ఒకసారి. రెండోసారి. వంగినవాళ్ళిద్దరూ చేతులు వెనక్కి లాక్కున్నారు.

మేస్త్రి మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. వేళ్ళు అతుక్కుపోయిన చేతుల్ని పైకెత్తి పెట్టుకుని, మోచేతులు రెండూ వాడి కిందికి దూర్చాడు. వాడు కాళ్ళతో అతన్ని తోస్తూ మూడోసారి అప్పజెప్పాడు, ఒక్క ముక్క తప్పు లేకుండా.

"చాలు బాబూ" అంది డాక్టరమ్మ. "ఇంక చెప్పొద్దు."

కానీ ఆ పూట ఆమెకు గొంతు లేదు. ఎవరికీ వినపడలేదు.